ఆటపాకలో ఇనుప చెట్లు

రెడ్డిగూడెం నుంచి కొల్లేటికి దారంతా దిగుడే. కారులో పోయేవాడికి ఈ సంగతి తెలియదు, నీళ్లకు తెలుసు. మాకు దక్షిణాన మైలవరం చుట్టూ ఉన్న కొండల్లో బుడమేరు పుడుతుంది. వెలగలేరు దాటి, బెజవాడ ఒంటిని రాసుకుంటూ పోయి చివరికి కొల్లేట్లో పడుతుంది. తమ్మిలేరూ రామిలేరూ కూడా అక్కడికే. ఎగువన మా కొండల మీద రాత్రి గట్టి వాన కురిస్తే దాని లెక్క నాలుగు రోజుల తర్వాత కొల్లేటి లంకల్లో తేలుతుంది. ఇన్నేళ్లుగా ఈ నీళ్లను సాగనంపుతున్నామే గానీ అవి ఎవరింటికి పోతున్నాయో చూసి రావాలన్న బుద్ధి నాకు పుట్టలేదు. కార్తీకంలో ఒక ఆదివారం ఆ బుద్ధి పుట్టించింది మా మేనకోడలు. ఎనిమిదో తరగతి చదువుతోంది. బడిలో పక్షుల మీద ఏదో ప్రాజెక్టట. వాళ్ల నాన్నకు, అంటే మా బావమరిదికి, పక్షి అంటే చిలక ఒక్కటే. అదీ కొరికి పారేసిన రసాల కాయ రూపంలోనే.

మాది మామిడి సీమ. నరుకుళ్లపాడు, కుదప, నాగులూరు, ఎటు చూసినా తోటలే. పక్షులు లేక కాదు. తెల్లవారితే నెమళ్ల అరుపులు, మధ్యాహ్నమంతా జెముడుకాకి మూలుగు. కానీ కాయ కాసేవాడు పక్షిని చూసే చూపు వేరు. 2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రామచిలుకను రాష్ట్రపక్షిని చేసిందని చెబితే బావమరిది చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే ఇకమీదట దాన్ని తోలడం కూడా నేరమేనా బావా?" అన్నాడు.

తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరాం. నూజివీడు దాటేసరికి కార్తీక స్నానాలకు పోయే ఆడవాళ్లు అరటిదొప్పల్లో దీపాలు పట్టుకుని కనిపించారు. హనుమాన్ జంక్షన్‌లో టీ. అక్కడి నుంచి గుడివాడ దారి పట్టగానే ఎర్రనేల పోయి నల్లరేగడి వచ్చింది, మామిడి పోయి వరి వచ్చింది. సార్వా చేలు కంకులు వంచి ఉన్నాయి. వెలుగు రాగానే కరెంటు తీగల మీద లెక్కలేనన్ని వానకోవెలలు. దసరా నాడు మా ఊళ్లో వెతికినా కనపడని పాలపిట్ట గుడివాడ దాటాక ఓ స్తంభం మీద తీరిగ్గా కూర్చుని ఉంది. కారాపమని మేనకోడలు పట్టుబట్టింది. ఆపాం. పిట్ట ఎగిరినప్పుడు రెక్కల్లోంచి ఆ నీలం బయటపడింది. దండం పెట్టాలా వద్దా అని బావమరిది కాసేపు తటపటాయించి, పండగ దాటిపోయిందిలే అని మానేశాడు.

ముదినేపల్లి తర్వాత చేలు కూడా పోతాయి. ఇక చెరువులే. గట్టు, చెరువు, గట్టు, చెరువు. కొన్నింట్లో రొయ్యలకు గాలి కొట్టే చక్రాలు నురగలు కక్కుతుంటాయి. కొన్నింట్లో నీళ్లలో వరసగా కర్రలు పాతి, వాటికి తవుడు సంచులు వేలాడదీసి ఉంటాయి. సంచుల అడుగున బెజ్జాలు. చేప కిందికొచ్చి మూతితో పొడుచుకుంటే తవుడు రాలుతుంది. బొచ్చె, శీలావతి ఈ తవుడుతోనే పెరిగి, ఐసు పెట్టెల్లో పడి, లారీలెక్కి బెంగాల్‌కూ అస్సాంకూ పోతాయి. ఈ ప్రాంతంలో చెరువు మీద అడ్డంగా తాళ్లు కట్టి ఉంటే అవి బట్టలారేసుకోవడానికి కాదు, పక్షులు దిగకుండా. ఈ తాళ్ల సంగతి గుర్తుంచుకోవాలి, మళ్లీ వస్తుంది.

కైకలూరు ఊరు అయిపోతుండగానే ఆటపాక. అడవిలోకి పోతున్నామన్న భ్రమ అక్కర్లేదు. బస్టాండూ రైస్‌మిల్లులూ పక్కనే. గేటు, టికెట్టు, పిల్లల ఉయ్యాలలు, పక్షుల బొమ్మలు పెట్టిన పర్యావరణ విద్యా కేంద్రం, పడవల రేవు, ఎత్తయిన మంచె. చూడటానికి ఊరి చివరి పార్కు. ఆ పార్కు అంచు నుంచి 270 ఎకరాల పైచిలుకు నీళ్లు. నాలుగు పక్కలా గట్టు కట్టి నిలిపిన నీళ్లే. అసలు కొల్లేరు దీనికెన్నో రెట్లు. సముద్రమట్టానికి ఐదడుగుల కాంటూరు దాకా లెక్కవేసి 308 చదరపు కిలోమీటర్లను 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ జాబితాకెక్కింది. 1971లో ఇరాన్‌లోని రామ్‌సర్ పట్నంలో చిత్తడి నేలల కోసం దేశాలు కుదుర్చుకున్న ఒప్పందం ఉంది, దాని జాబితా అది. కాగితం మీద కొల్లేటికి లోటు లేదు. చేపల చెరువుల కింద పోయిన నేలను తిరిగి తెద్దామని 2006లో ప్రభుత్వం గట్లు పేల్చి పడగొట్టించింది కూడా. ఆ గట్లు మళ్లీ ఎలా లేచాయో దారి పొడుగునా చూస్తూనే వచ్చాం.

మంచె ఎక్కాం. పొగమంచు ఇంకా విడలేదు. ముందు వాసన తగిలింది, చేప కుళ్లు, రెట్ట, తడి బురద కలిసిన వాసన. తర్వాత చప్పుడు. ముక్కుల టకటక, రెక్కల దబదబ. మంచు పలచబడేకొద్దీ నీళ్లలోంచి చెట్లు లేచాయి. ఆకు లేని చెట్లు. ఒకే ఎత్తు, ఒకే దూరం, కొమ్మలన్నీ ఒకే తీరు.

"మావయ్యా, ఇవి చెట్లు కావు. ఇనుపవి!" అంది మేనకోడలు, దుర్భిణీ దించకుండానే.

అవును, ఇనుప గొట్టాలే. పక్షులు గూళ్లు పెట్టుకోవడానికి అటవీశాఖ వాళ్లు నీళ్లలో నాటిన స్టాండ్లు. ఒక్కో స్టాండు మీద గూడబాతుల, అంటే పెలికన్ల, కాపురాలు. కొన్ని చోట్ల నీళ్ల మధ్య మట్టి దిబ్బలు పోసి పెంచిన నిజం చెట్లున్నాయి, వాటి మీదా కిక్కిరిసి ఉన్నాయి. కానీ ఇనుముకే గిరాకీ ఎక్కువగా ఉన్నట్టు కనిపించింది. రెట్టకు చెట్టు చచ్చిపోతుంది, ఇనుము చావదు. నాకు మొదట మనసు చివుక్కుమంది, ఇంత దూరం వచ్చింది ఇనుము చూడటానికా అని. ఓ పది నిమిషాల తర్వాత ఆ చివుక్కు పోయింది. పక్షికి కావాల్సింది చుట్టూ నీళ్లు, పాము ఎక్కని ఎత్తు, పుల్ల నిలిచే కొమ్మ. అది వేపా ఇనుమా అన్న పట్టింపు మనదే.

గూడబాతును మంచె మీద నుంచి చూడటం ఒక ఎత్తు, పడవలో దగ్గరికి పోయి చూడటం ఒక ఎత్తు. పడవ నడిపేవాడు సరిగ్గా ఎక్కడ ఇంజను కట్టెయ్యాలో తెలిసినవాడు. ఆ తర్వాత గెడ వేశాడు. తల ఎత్తితే పైన ఐదారు కిలోల బరువున్న బూడిదరంగు పక్షి. అడుగు పొడవున్న ముక్కు, పై దవడ అంచున సిరా చుక్కల్లాంటి మచ్చలు, మెడ వెనక చెదిరిన జుట్టు, కింద వేలాడే సంచి. పెళ్లిచూపుల్లో నెగ్గే మొహం కాదు. కానీ అది రెక్కలు చాచి దిగుతుంటే పడవలో అందరం తలలు వంచాం. ముక్కున పచ్చి కంప. ఆడపక్షి దాన్ని అందుకుని, అటు పెట్టి, ఇటు పెట్టి, నచ్చక తీసి, మళ్లీ మొదటి చోటే పెట్టింది. పక్క గూటి పక్షి అటు తిరిగినప్పుడు ఆ గూట్లోంచి ఓ పుల్ల లాగింది కూడా. వాళ్లు కొట్టుకుంటారనుకున్నాం. పోయిన పుల్లను అది గమనించనే లేదు.

ఇదే వాటికి కాపురాలు పెట్టే కాలం. వానలు వెనకబట్టి చెరువులు నిండుగా ఉన్న ఈ రోజుల్లో గూళ్లు కట్టి, మూడేసి గుడ్లు పెడతాయి. నెలరోజులు ఆలుమగలిద్దరూ వంతులేసుకుని పొదుగుతారు. పిల్లకు రెక్కలు రావాలంటే మరో మూడు నెలల పైనే. అప్పటిదాకా దాని నోరు మూతపడదు. పెద్దవి మాత్రం దాదాపు మూగవి. అంత పెద్ద కాలనీలో మాకు వినబడ్డ గోల చాలామటుకు ఎర్రకాళ్ల కొంగలదే. వాటికీ గొంతు లేదు, పై ముక్కూ కింది ముక్కూ కొట్టుకుని టకటకలాడిస్తాయి. నారింజరంగు తల, రెక్కల మీద నలుపు తెలుపు గళ్లు, తోక దగ్గర గులాబీ రంగు. మా మేనకోడలు ప్రాజెక్టు అట్ట మీద బొమ్మ వెయ్యడానికి వెంటనే దీన్నే ఎంచుకుంది. గూడబాతు పాపం, సుగుణాలతో నెట్టుకురావాలి.

"సైబీరియా నుంచొస్తాయంటగా!" అన్నారు మా పడవలోనే ఉన్న భీమవరం దంపతులు. ఈ మాట ఆ రోజు ఎంతమంది నోట విన్నానో. రెక్కలున్నదీ పెద్దదీ కనిపిస్తే మనవాళ్లకు సైబీరియాయే. పడవవాడు నవ్వి ఊరుకున్నాడు. రోజూ వినేదేగా. గూడబాతు సైబీరియా మొహం చూడలేదు. ఇది దక్షిణ భారతం, శ్రీలంక, అస్సాం, కంబోడియాల పక్షి. తిరుపతి జిల్లా నేలపట్టులో, గుంటూరు పక్కన ఉప్పలపాడులో, శ్రీకాకుళం తేలినీలాపురంలో గూళ్లు పెట్టేది ఇదే. ఎర్రకాళ్ల కొంగా అంతే. నీళ్లూ చేపలూ ఉన్న చోటికి ఈ దేశంలోనే ఊళ్లు మారుతుంటాయి. విదేశీ అతిథి అంటే మనకు ముచ్చట. వచ్చినందుకు సంతోషించి పోయినందుకు మర్చిపోవచ్చు. ఇంటి మనిషి పోతే మాత్రం ఎందుకు పోయాడని ఎవరో ఒకరు అడుగుతారు.

అలా ఒకసారి పోయాయి కూడా. పశ్చిమ గోదావరిలో ఆరేడు అనే ఊరుంది. మలయాళ దేశంలో ఇందుచూడన్ పేరుతో పక్షుల మీద పుస్తకాలు రాసిన కె.కె. నీలకంఠన్ ఆ ఊళ్లో చెట్ల మీద గూడబాతుల కాలనీని చూసి, 1949లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో వివరంగా రాశారు. దక్షిణాదిన గూడబాతులు పెద్దయెత్తున పిల్లల్ని పెంచే చోటు అక్కడొకటుందని లోకానికి తెలిసింది అలాగే. మూడు దశాబ్దాలు తిరగకుండానే, 1978లో, అదే పత్రికలో ఆ కాలనీ పోయిందన్న వార్త అచ్చయింది. ఆ వ్యాసాల సంగతి నాకు తెలుసు గనుక ఆటపాక ఇనుపచెట్ల మీద పుల్లలు సర్దుకుంటున్న పక్షుల్ని చూస్తే ముద్దుతో పాటు మరో ఆలోచన వచ్చింది. వీటి తాతల తాతలు ఆరేడు వాళ్లే అయ్యుండొచ్చు. ఊళ్లో చోటు పోయాక చాలా ఏళ్లకు ఎవరో గొట్టాలు నాటితే తిరిగొచ్చిన వాళ్లు.

పదిన్నరకు వనభోజనాల వాళ్లు దిగారు. మూడు బస్సులు. ఆటపాకలో కార్తీకం ఆదివారం నాడు పక్షుల్ని చూడాలనుకునేవాళ్లకు ఒకటే సలహా, పదింటిలోపల చూసెయ్యండి. ఉసిరిచెట్టు ఎక్కడుందని వెతికేవాళ్లు, స్పీకరు ఎక్కడ పెట్టాలని వెతికేవాళ్లు, సెల్ఫీల వాళ్లు. నిజం చెప్పొద్దూ, గూడబాతులు ఒక్కటి కూడా తల తిప్పలేదు. చప్పుడుకు ఎగిరిపోయినవి అంచున ఉన్న చిలువ బాతులు. ఈలలేసుకుంటూ లేచి ఓ చుట్టు తిరిగి అవతలి గట్టు దగ్గర దిగాయి. మేం కూడా అవతలి గట్టు పట్టాం.

అటువైపు జనం రారు, కాబట్టి పక్షులు రకరకాలు. తూటికాడ పొదల మీద నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి. పాముమెడ పక్షి నీళ్లలోంచి మెడ ఒక్కటే బయటపెట్టి ఈదుతుంటే బావమరిది నిజంగానే ఒక అడుగు వెనక్కేశాడు. నత్తల్ని తినే కొంగ, దాని రెండు దవడల మధ్య ఎప్పుడూ మూసుకోని సందు. అది నత్తను పగలగొట్టదట, లోపలి కండను లాగేస్తుందట. గుర్రపుడెక్క ఆకుల మీద బారెడు వేళ్లేసుకుని నడిచే పిట్ట. ఊదారంగు నీటికోళ్లు. పైన బాపనగద్ద. వీటన్నిటికీ దూరంగా, నడి చెరువులో, నల్ల చుక్కల్లా తేలుతున్న గుంపు. అవి సూదితోక బాతులు. నిజంగా ఉత్తరాసియా నుంచి, సైబీరియా కూడా కలుపుకుని, హిమాలయాలు దాటి వచ్చేవి అవి. అసలు విదేశీ అతిథులు అంత దూరాన ఎవరికీ పట్టకుండా కూర్చుంటే ఇక్కడి సొంత మనుషులకు ఆ బిరుదు దక్కింది.

ఆ గట్టు చివర ఓ ప్రైవేటు చేపల చెరువు. తాళ్లు కట్టిన చెరువు. కాపలా మనిషి తాటాకు పాకలోంచి వచ్చి ముందు మమ్మల్ని అనుమానంగా చూశాడు. పక్షుల కోసం వచ్చామంటే నవ్వాడు.

"మీరు చూట్టానికొచ్చారు, నేను తోలడానికున్నానండీ. ఒక్కోటి కేజీ చేప మింగుద్ది. పొద్దున్నే ఇరవై దిగితే చూసుకోండి. టపాకాయ కాల్చాలి, డబ్బా కొట్టాలి. ఆళ్ల చెరువులో గూడు, మా చెరువులో కూడు."

ప్రాస కోసం అన్నమాట కాదది. కొల్లేటి లెక్క అంతా అందులో ఉంది. తెల్ల గూడబాతులు దండుకట్టి చేపల్ని ఒక మూలకు తోలి పట్టుకుంటాయంటారు. ఈ మచ్చముక్కువి ఎక్కువగా ఎవరికి వారే. లోతు తక్కువ నీళ్లలో నిదానంగా ఈదుతూ సంచి ముంచి తీస్తాయి. ఆటపాక చెరువొక్కటే ఇన్ని వందల కుటుంబాల్ని సాకలేదు. చుట్టూ ఉన్న చెరువుల్లో తవుడు తిని పెరిగిన చేపే వీటి పిల్లల నోట్లోకి పోతోంది. కొల్లేటిని కొరుక్కుతిన్న చేపల చెరువులే కొల్లేటి పక్షుల్ని మేపుతున్నాయన్న మాట పర్యావరణం వాళ్లకూ రుచించదు, చెరువుల వాళ్లకూ రుచించదు. మా బావమరిదికి మాత్రం వెంటనే అర్థమైంది. చిలకల వల్ల పంట పోగొట్టుకునేవాడు గదా. ఆ కాపలా మనిషీ అతనూ పాకలో కూర్చుని అరగంట మాట్లాడుకున్నారు. వలలు, టపాకాయలు, మెరిసే రిబ్బన్లు, ఏది ఎన్నాళ్లు పనిచేస్తుంది, ఎప్పటికి పక్షి దానికి అలవాటుపడుతుంది. ఆ రోజు పక్షుల మీద నేను విన్న మాటల్లో అసలైన పరిశీలన వాళ్లిద్దరిదే. వింటున్న మేనకోడలు నోట్సు తీసుకుంది.

మధ్యాహ్నం కైకలూరు మెస్‌లో కొరమీను పులుసు. దాని గురించి చెప్పడం మొదలెడితే పక్షులు వెనకబడతాయి.

తిరుగుదారి ఏలూరు మీదుగా పెట్టుకున్నాం. కావాలనే. ఆ రోడ్డు కొల్లేటి ఒంటిమీదుగా పోతుంది. సాయంత్రం నాలుగున్నరకు పెదయడ్లగాడి వంతెన మీద కారాపాం. ఆటపాకలో గట్టు కట్టిన నీళ్లు చూశాం. ఇక్కడ పారే నీళ్లు. ఎగువన ఏళ్లూ డ్రెయిన్లూ తెచ్చి పోసిందంతా ఈ ఖానాల కింద నుంచి సాగి, ఉప్పుటేరు పట్టి సముద్రంలోకి పోవాలి. కొల్లేటికి ఎన్ని నోళ్లున్నా బయటికి పోయే దారి అదొక్కటే. ఖానాలకు గుర్రపుడెక్క అడ్డం పడి నీరు ఉబ్బుతూ ఉంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి బెజవాడలో సింగ్‌నగర్‌ను ముంచింది అందరికీ తెలుసు. టీవీలన్నీ అక్కడే ఉన్నాయి. ఆ నీళ్లు దిగి దిగి వచ్చింది ఇటే. ఆ రోజుల్లో లంక ఊళ్లకు దారులు తెగిపోయిన సంగతి కొన్ని పేపర్ల జిల్లా పేజీలు దాటి రాలేదు.

వంతెన పక్క చేపలకు మావు వేసుకుని కూర్చున్న ఓ పెద్దాయన మాది ఏ ఊరని అడిగాడు. రెడ్డిగూడెం అన్నాను. ఎక్కడంటే, మైలవరం అవతల అన్నాను.

"అయితే మా పైనోళ్లేనన్నమాట. ఆ వరదకి మీ నీళ్లతోపాటు బాటిళ్లు, దిండ్లు, ఫ్రిజ్జు తలుపు కూడా వచ్చినియ్యి."

"అవి మావి కాదండీ బాబాయిగారూ, మధ్యలో బెజవాడుందిగా" అన్నాడు బావమరిది.

"ఎవరివైతే ఏందయ్యా, వచ్చేది మా మీదకేగా" అని ఆయన మావు ఎత్తి చూసుకున్నాడు. పరిగెలు నాలుగు పడ్డాయి. నవ్వుతూనే అన్నాడు గానీ ఆ మాట మా ఇద్దరికీ తగలాల్సిన చోట తగిలింది. వంతెన అవతలి ఒడ్డు నుంచి గూడబాతులు ఓ పాతిక, ఆటపాక వైపు తిరిగిపోతూ, మా నెత్తి మీదుగా వరసకట్టి వెళ్లాయి. వాటి సంచుల్లో ఎవరి చెరువు చేప ఉందో ఆయనే చెప్పాలి.

ఏలూరు చేరేదాకా కారులో ఒకటే గొడవ. సంక్రాంతికి మళ్లీ రావాలంటుంది మేనకోడలు. పడవవాడు చెప్పాడట, ఇప్పుడు పెట్టే గుడ్లు అప్పటికి పిల్లలై గోలగోలగా ఉంటాయని, చూడాలంటే అప్పుడే చూడాలని. సంక్రాంతికి మామిడి పూత మీదుంటుంది, మందు కొట్టాలి, తేనెమంచు పురుగు పడితే ఏడాది పంట పోతుంది, తోట వదిలి ఎక్కడికి రాను అంటాడు వాళ్ల నాన్న.

"అయితే మావయ్యతో వస్తాను."

"మీ మావయ్యకు మాత్రం తోట లేదా?"

ఇద్దరూ నా వైపు చూశారు. నేను రోడ్డు చూస్తూ, హనుమాన్ జంక్షన్‌లో టిఫిను చేద్దామా, ఇంటికి పోయాక తిందామా అని అడిగాను.